నేను నిలబడని పోర్టికో

1983 జూలై 11, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు మా హోటలు యజమాని నన్ను తన గదికి పిలిపించి, బల్ల మీద ఉన్న ఒక ఇత్తడి బిళ్ళను వేలితో నా వైపు జరిపారు. దాని మీద ‘మేనేజర్’ అని చెక్కి ఉంది. కొత్తగా మెరుగుపెట్టించారు కాబోలు, ఫ్యాను గాలికి ఊగుతున్న క్యాలెండరు నీడ అందులో కదులుతున్నది.

“చూడమ్మా, మేనేజరు గారు నెలాఖరుకి మద్రాసు వెళ్ళిపోతన్నారు. ఇల్లు చూసుకోడానికి ఈ వారమంతా సెలవడిగేరు. ఆదివారం రాత్రి సాయిబుల పెళ్ళి తాలూకు వలీమా విందుంది, మూడొందల మంది. పోర్టికోలో నువ్వు నిలబడు. సోమవారం పొద్దున్నే ఆర్డరు టైపు చేయించీస్తాను.”

“నేనా అండీ?”

“నువ్వు కాక నానేటి? ఆడమనిషి మేనేజరేటని నా బావమరుదులు నన్ను తినేస్తన్నారు. నువ్వు ఒక్కసారి అక్కడ నిలబడు. వాళ్ళ నోళ్ళు నాను మూయక్కర్లేదు, చూసినోళ్ళే మూయిస్తారు.”

నేను బిళ్ళ తీసుకున్నాను. ఆయన మళ్ళీ పిలిచారు.

“నువ్వు ఖాళీ చేసే కుర్చీలో నువ్వు పనిలో పెట్టించిన ఆ ముగ్గురు పిల్లల్లో ఒకర్తెని కూర్చోబెట్టు. ఎవర్తెనో నువ్వే చెప్పు.”

హోటల్ మేనేజ్‌మెంటు చదివి, డిప్లొమా పుచ్చుకుని ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలకు పోర్టికో సంగతి కొంత విడమరచి చెప్పాలి. మీ పుస్తకాలలో మేనేజరు విధులు పేజీల కొద్దీ ఉంటాయి. మా హోటల్లో ఉన్న విధి ఒక్కటే. పెద్ద విందు జరిగే రోజున, అతిథులు వచ్చే వేళకు, పోర్టికో మెట్ల మీద చేతులు జోడించి నిలబడి, వచ్చిన పెద్దలను వెంటబెట్టుకుని లోపలికి తీసుకువెళ్ళేవారే మేనేజరు. మద్రాసు వెళ్ళిపోతున్న పెద్దమనిషి చాలా ఏళ్ళు ఓడల్లో భోజన విభాగం చూసి వచ్చినవారు. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. “గదులు సర్దడానికి ఒకరుంటారు, వండటానికి ఒకరుంటారు, లెక్కలు రాయడానికి ఒకరుంటారు. ఇదంతా తనదే అన్నట్టు నిలబడటానికి ఒకరుండాలి. ఎక్కువ జీతం ఆ ఒక్కరికే,” అనేవారు.

నేను 1969లో ఆ హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. 1972లో రిసెప్షనుకు వచ్చాను. తరువాత గదుల నిర్వహణ, ఆ తరువాత అసిస్టెంటు మేనేజరు పదవి. ఊళ్ళో ఉక్కు కర్మాగారం పనులు మొదలైన తరువాత ఇంజనీర్లూ కంట్రాక్టర్లూ గదుల కోసం బతిమాలే రోజులు వచ్చాయి. ఆ గదులన్నీ నా చేతి మీదుగానే నిండేవి, నా చేతి మీదుగానే ఖాళీ అయ్యేవి. 1982లో ముగ్గురు అమ్మాయిలను నేనే ఏరి, యజమానితో వాదించి ఉద్యోగంలో పెట్టించాను. అంతవరకు చేయగలిగిన మనిషి మెట్ల మీద ఓ గంట నిలబడలేకపోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. అందుకు కారణం నా సంచీ.

మాది వన్ టౌన్‌లో ఒక ఇరుకు వీధి. మా నాన్నగారు పోర్టులో సరుకుల లెక్క రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, మా చర్చిలో సంఘ పెద్ద. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్ల హోటల్లో పని చేస్తున్నదంటే విన్నవారికి వెంటనే తట్టేది గదులు, బారు, ఓడల నుంచి దిగిన నావికులు. నేను చేరిన రోజున నాన్నగారు ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు: “టెలిఫోన్ ఆపరేటరునని చెప్పమ్మా. అబద్ధం కాదు కదా.” కాదు. వీధివారు దాన్ని టెలిఫోన్ ఆఫీసు అనుకున్నారు, మేము దిద్దలేదు. రిసెప్షనుకు వచ్చి, నీలం అంచు యూనిఫారం చీర కట్టవలసి వచ్చినప్పటి నుంచి నేను రోజూ రెండు చీరలు కట్టేదాన్ని. ఇంటి నుంచి మామూలు చీరలో బయలుదేరి, హోటల్లో నీలం అంచు చీర కట్టుకుని, సాయంత్రం మళ్ళీ మార్చుకుని, దాన్ని మడిచి సంచీలో పెట్టుకునేదాన్ని. హోటలు వ్యాను నన్ను పాత పోస్టాఫీసు దగ్గర దింపేది. అక్కడి నుంచి నడక. ఈ విధంగా పదకొండేళ్ళు.

బుధవారం నాడు విందు తాలూకు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఇచ్చేవారు మా వీధి చివర తాళ్ళు, టార్పాలిన్ల టోకు దుకాణం ఉన్న సాహెబు గారు. పెద్దకొడుకు పెళ్ళి. ఆయన పిలుపంటే వీధి మొత్తానికి పిలుపు.

ఇంటికి వెళ్ళేసరికి శుభలేఖ నాన్నగారి బైబిలు పక్కనే ఉంది.

“ఆవేళ ఒంట్లో బాగులేదని చెప్పీయమ్మా,” అన్నారు నాన్నగారు.

“నాన్నా, ఆ రోజే నేను మేనేజర్నవుతాను.”

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “మేనేజరైతే మాత్రం, హోటలే కదా.”

ఆ మాట నాకు కోపం తెప్పించి ఉండవలసింది. తెప్పించలేదు. ఆయన అన్నది నా మనసులో ఉన్నదే.

17వ తేదీ ఆదివారం పని అంతా గడియారంలా నడిచింది. ఆ మాట నిజాయితీగానే చెబుతున్నాను. మాంసం వంటలకు సాహెబు గారి వంటవాళ్ళు తెల్లవారకుండానే వచ్చి పెరట్లో పొయ్యిలు పెట్టుకున్నారు. మిగిలినవి మా వంటింటివి. ఆడవారికి మేడ మీది హాలు కేటాయించాను. పెద్దవయసు వారు ఎక్కలేరని పక్క మెట్లకు తాడు కట్టించాను. సాయంత్రానికి ముగ్గురు అమ్మాయిలూ కనకాంబరాలు పెట్టుకుని వచ్చి, రిసెప్షను పక్కన వరుసగా నిలబడ్డారు. వారిని ఆ చోట నిలబడమని ఎవరూ చెప్పలేదు. నన్ను చూడటానికి నిలబడ్డారు.

ఏడుకు పది నిమిషాలున్నప్పుడు బిళ్ళ పెట్టుకుని, జుట్టు సవరించుకుని అద్దాల తలుపు దాకా వచ్చాను. అప్పుడే మొదటి వ్యాను ఆగింది. ముందుగా దిగింది మా పాస్టరమ్మగారు. ఆమె వెనక మా పక్కింటావిడ, ఎదురింటావిడ, ఆవిడ కోడలు. నవ్వుకుంటూ, చీరలు సర్దుకుంటూ, తలలెత్తి మా హోటలు పేరు దీపాలను చూస్తున్నారు.

నేను వెనుదిరిగాను. ఆలోచించి తిరిగానని చెప్పుకోవడానికి కూడా వీలులేదు. కాళ్ళు తిరిగాయి, నేను వాటితో వెళ్ళాను.

రిసెప్షనులో ఉన్న గుమాస్తా, పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే కుర్రవాడు. రెండేళ్ళ సర్వీసు, నేను నేర్పిన పనే.

“నువ్వెళ్ళి పోర్టికోలో నిలబడు,” అన్నాను.

“నానా మేడమ్? నానేటి, అక్కడ నిలబడ్డమేటి?”

“నాకు వంటింట్లో పనుంది.”

“పొద్దున్నుంచి అన్నీ సూసీసేరు కదా మేడమ్. ఇంకేటి పనుందక్కడ?”

నేను వెనక గదిలోంచి మేనేజరు గారి నల్లకోటు తెచ్చి అతనికి తొడిగాను. చేతులు పొడుగయ్యాయి. గదుల నిర్వహణ పెట్టెలోంచి రెండు పిన్నులు తీసి, చేతులు లోపలికి మడిచి గుచ్చాను. ఆ తరువాత నా బిళ్ళ తీసి అతని కోటుకు పెట్టాను. బిళ్ళ లేకపోతే అక్కడ నిలబడిన కుర్రవాణ్ణి ఎవరూ లెక్కచేయరని నాకు తెలుసు. ఆ సమయంలో కూడా హోటలు మర్యాద నాకు గుర్తుంది, చూడండి.

“ఎవరైనా నా గురించి అడిగితే సెలవులో ఉన్నానని చెప్పు.”

“ఇక్కడే ఉండి సెలవేటి మేడమ్,” అన్నాడు మెల్లగా. అయినా వెళ్ళాడు.

వంటింటి వైపు నడుస్తుంటే ఆ ముగ్గురు అమ్మాయిలు ఎదురుగానే ఉన్నారు. వారిలో పెద్దది నా భుజం వైపు చూసింది.

“మేడమ్, బిళ్ళ ఏది?”

నేను వినబడనట్టు దాటిపోయాను.

వంటింటికీ హాలుకూ మధ్య గిన్నెలు కడిగి సర్దుకునే గది ఒకటి ఉండేది. దాని కిటికీలోంచి పోర్టికో సగం కనిపిస్తుంది. ఆ సగం నాకు చాలినంత చూపించింది. కుర్రవాడు మొదట బిగుసుకుపోయాడు, తరువాత నవ్వాడు, తరువాత ఒక ముసలి వర్తకుడి చేతికర్ర అందుకున్నాడు. బాగానే చేశాడు. నేను నేర్పిన పనే మరి. ఏడున్నరకు యజమాని కారు వచ్చింది. ఆయన దిగి, మెట్లెక్కబోతూ, కోటు మీది బిళ్ళను చూసి ఆగారు. ఆయన వెనకే ఆయన బావ, పోర్టు కంట్రాక్టరు, వచ్చి కుర్రవాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఏదో అడిగాడు. యజమాని ఒక్క క్షణం ఆలోచించి, కుర్రవాడి భుజం మీద చెయ్యి వేశారు.

అప్పటికే ఎవరో లెక్కపెట్టి ఉంచిన ఐస్‌క్రీము కప్పులను నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టసాగాను.

తొమ్మిది దాటిన తరువాత సాహెబు గారు ఆ గది తలుపు తోసుకుని వచ్చారు. తెల్లటి షేర్వానీ, చేతిలో రుమాలు, ముఖమంతా చెమట.

“అరే, ఇక్కడున్నావేటి బేటీ? ఆ కుర్రాడు నువ్వు సెలవన్నాడు!”

నేను చేతిలో ఉన్న కప్పు కింద పెట్టాను.

“మా అమ్మ కారులోనే కూర్చుండిపోయింది. పావుగంట! మన వీధి గుంట, నువ్వే, వచ్చి చెయ్యి పట్టుకుంటేనే దిగుతానని మొండికేసింది. ఆ కోటు తొడుక్కున్న అబ్బాయి వెళ్తే ముసుగు లాక్కుని మొహం తిప్పీసుకుంది. ఆఖరికి మీ పిల్లెవరో పరుగెట్టుకొచ్చి, బతిమాలి మేడ మీదకి తీసుకెళ్ళింది.”

“నాకు తెలియదండీ.”

“ఈ హోటల్లో ఎందుకు పెట్టించేననుకున్నావు? ఇంతకంటే చవకవి లేవేటి ఊళ్ళో? మా ఆడోళ్ళందరికీ చెప్పేను, అక్కడ పెద్ద మన పిల్లే, మీకేటీ ఇబ్బందుండదని.”

“నేను ఇక్కడ పని చేస్తున్నానని మీకెలా తెలుసండీ?”

ఆయన నన్ను వింతగా చూసి, పకపకా నవ్వారు.

“ఎలా తెలుసేటి! మీ హోటలుకి టార్పాలిన్లిచ్చేది నేను కాదేటి? నువ్వు కౌంటర్లో నిలబడ్డం ఎప్పుడో చూసేను. నేను చెప్పక్కర్లేదు కూడా. రోజూ నీ సంచీలోంచి నీలం అంచు తొంగి చూస్తంటాది, వీధిలో ఎవరికి కళ్ళు లేవనుకున్నావు? పాస్టరమ్మగారైతే మొన్న కూడా అడిగేరు, ఆ పిల్ల మనకి ఎప్పుడు చెప్తాదో అని. నీకు చెప్పుకోడం ఇష్టం లేదని అందరం ఊరుకున్నాం.”

గిన్నెలు కడిగేవాళ్ళు నీళ్ళు ఆపి వింటున్నారు. సాహెబు గారు నవ్వడం మానేశారు.

“సిగ్గుపడే పనేటి చేస్తన్నావమ్మా ఇక్కడ?”

ఆయన నిజంగానే అడిగారు. తెలుసుకుందామని అడిగారు. నేను తల వంచుకున్నాను. నన్ను ఆ స్థితిలో చూడటం ఆయనకే కష్టమనిపించిందేమో, రుమాలుతో మెడ తుడుచుకుని, “పోన్లే, ఫిర్నీ పాయసం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది,” అని వెళ్ళిపోయారు.

నేను మేడ మెట్ల దగ్గరకు పరుగెత్తాను. అప్పటికే ఆ పెద్దావిడ కిందికి దిగుతున్నారు. ఒక చేత్తో నేను కట్టించిన తాడు, మరో చేత్తో ‘బిళ్ళ ఏది’ అని అడిగిన అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. చివరి మెట్టు మీద ఆగి, కొంగు ముడిలోంచి చిన్న అత్తరు సీసా తీసి, ఆ అమ్మాయి మణికట్టుకు రాశారు. నేను స్తంభం పక్కన ఉన్నాను. చీకట్లో లేను, దీపం కిందే ఉన్నాను. ఆవిడ నా మీదుగా చూసి వెళ్ళిపోయారు. చూపు మందగించిందని తరువాత తెలిసింది. ఆ రాత్రి అది తెలియదు.

మర్నాడు ఉదయం యజమాని నన్ను కూర్చోమన్నారు. ఎప్పుడూ అనేవారు కాదు.

“ఒంట్లో బాగులేదేటమ్మా నిన్న?”

“బాగానే ఉందండీ.”

“మరేటయ్యింది?”

అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది. “మా వీధివాళ్ళు వచ్చారండీ. నేను హోటల్లో పని చేస్తున్నానని వాళ్ళకు తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను.”

ఆయన చాలాసేపు పేపరువెయిటును అటూ ఇటూ దొర్లించారు. రేవులో బస్తాలు మోయించి సంపాదించిన డబ్బుతో, అన్నదమ్ములు వద్దన్నా వినకుండా కట్టించుకున్న హోటలది.

“అంటే, నా హోటలంటే నీకు సిగ్గా?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంతకంటే కఠినమైన ప్రశ్న అడగలేదు. ఆయన గొంతులో కోపమైనా లేదు.

“నిన్న మా బావ వాడి చెయ్యి ఊపి, కొత్త మేనేజరేటి అనడిగేడు. బిళ్ళేమో వాడికుంది. అవునన్నాను. నలుగురి ముందూ మేనేజరని చెప్పీసేక, తెల్లారి గుమాస్తా అని ఎలాగనమంటావు? నువ్వే తీసి ఇచ్చీసేవు కదమ్మా.”

“నా సంగతి వదిలేయండి. ఆ అమ్మాయిల్లో ఒకరిని పైకి తెస్తానన్నారు.”

“ఏ కుర్చీలో? నీ కుర్చీ ఖాళీ అయితే కదా!”

ఆ ఒక్క మాటతో నాకు లెక్క అంతా అర్థమైంది. నేను కదలకపోతే నా వెనక ఎవరూ కదలరు. వినతిపత్రం రాయడానికి కూడా నాకు కారణం మిగలలేదు. ఆ తరువాత ఆయన బావమరుదుల నోట ఆ సంఘటన ఒక నియమంగా మారింది: “ఆడమనిషికి ఇస్తే ఆవిడే వద్దంది.” అందులో నేను కాదనగలిగిన అక్షరం ఒక్కటి కూడా లేదు.

గది నుంచి బయటికి వచ్చేసరికి పద్మనాభం కుర్రవాడు కారిడారులో నిలబడి ఉన్నాడు. అరచెయ్యి చాపాడు. అందులో బిళ్ళ, రెండు పిన్నులు.

“మేడమ్, ఇవి మీవి.”

నేను పిన్నులు తీసుకున్నాను.

“బిల్ల కూడా మీదే కదా మేడమ్. నాకొద్దు. నాను అయ్యగారితో సెప్తాను.”

“చెప్పకు,” అన్నాను. అతని చేతివేళ్ళు నేనే మూశాను.

అతను చెడ్డ మేనేజరు కాలేదు. మొదట జరిగిన మూడు నాలుగు విందులకు నా బల్ల దగ్గరకు వచ్చి, “ఈవేళ మీరు నిలబడతారా మేడమ్?” అని అడిగేవాడు. నేను వద్దనేదాన్ని. అప్పటికి సిగ్గు పోయింది, పంతం మిగిలింది. ఆ తరువాత అడగడం మానేశాడు. కానీ నేను గదిలోకి వెళితే చివరి రోజు దాకా లేచి నిలబడేవాడు. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో అతనికి తెలియదు.

విందు తరువాత వచ్చిన మంగళవారం సాయంత్రం నేను చీర మార్చుకోలేదు. నీలం అంచు చీరతోనే హోటలు వ్యానులో మా వీధి మొదటి దాకా వెళ్ళి, అందరి అరుగుల ముందు నుంచి నడిచాను. ఎవరూ తల తిప్పలేదు. ఎదురింటావిడ మాత్రం చేపలు కడుగుతూ అడిగింది: “ఈయేళ సంచీ తేలేదేటమ్మా?”

ముగ్గురు అమ్మాయిలలో ఒకతె మరుసటి సంవత్సరమే బ్యాంకు పరీక్ష రాసి వెళ్ళిపోయింది. ఇంకొకతె, ఇక్కడ పైకి దారి లేనప్పుడు ఎందుకని ఎలమంచిలిలో అత్తవారింటికి వెళ్ళి ఉద్యోగం మానేసింది. మాటలు ఆమెవే, నేను కల్పించినవి కావు. అత్తరు అమ్మాయి హైదరాబాదులో ఒక హోటల్లో చేరింది. 1988లో అక్కడ మేనేజరైంది. ఒక విందుకు నన్ను రమ్మని ఫోను చేస్తే వెళ్ళాను. ఆటో పోర్టికోలో ఆగేసరికి చేతులు జోడించి నిలబడి ఉన్నది తనే. నేను చిల్లర వెతుక్కుంటుంటే కిందికి దిగి వచ్చి, ఆటోలోకి వంగి, నా చెయ్యి పట్టుకుంది. నా కోసం ప్రత్యేకంగా చేసిందనుకున్నాను. లోపలికి వెళ్ళి వెనక్కి చూస్తే, నా తరువాత వచ్చిన ముసలావిడను కూడా అలాగే దింపుతున్నది.

1989 డిసెంబరు 31న, అసిస్టెంటు మేనేజరుగానే, ఉద్యోగం నుంచి తప్పుకున్నాను. డైరీలు ముందు పెట్టుకుని చూస్తే లెక్క ఇంతే. పోయినవి: ఒక పదవి, నా వెనక నిలబడిన ఇద్దరు అమ్మాయిల దారి, ఒక యజమాని తన హోటలును చూసుకుని పడిన గర్వంలో కొంత, ఒక పెద్దావిడ చెయ్యి. ఆమె ఆ విందు తరువాతి వేసవిలోనే పోయారు, నేను వెళ్ళి తప్పు చెప్పుకోలేదు. మిగిలినవి: జీతం, నీలం అంచు చీర ఒకటి, పిన్నులు రెండు.